సేవ కాలమ్‌లో ఏం రాయాలె?

మాది నల్లగండ్ల. ఇప్పుడా పేరు చెప్తే ఏ అపార్టుమెంటు, ఎన్నో అంతస్తు అని అడుగుతున్నరు. నా చిన్నతనంలో అడిగేది ఒకటే మాట: ఊళ్ళెనా, వాడలనా? మాది వాడ. మాదిగవాడ. చెరువు కింద పొలాల్లో నాట్లేసి, కలుపు తీసి అవ్వ మమ్మల్ని సాకింది. నాయిన సావులకు డప్పు కొట్టేటోడు, ఊళ్ళె గొడ్డు చస్తే మోసేటోడు. మా పక్కనే సెంట్రల్ యూనివర్సిటీ. 1974లో వచ్చింది. దాని గోడకు అవతల చదువు, ఇవతల మేము. ఆ గోడ దాటాలంటే ముందు కాలేజీకి పోవాలె, కాలేజీకి పోవాలంటే స్కాలర్‌షిప్ రావాలె. ఈ సంగతి నాకు పదో తరగతిలో తెలిసింది.

1992లో నేను ఎనిమిది చదువుతుంటే మా బడిల గైడ్స్ పెట్టిన్రు. నీలి డ్రెస్సు, మెడలో స్కార్ఫు, ఈల. డ్రెస్సుకు పైసలు లేకుంటే అవ్వ రెండు వారాల కూలి ముందుగాల తెచ్చి కుట్టించింది. "పోలీసోళ్ళ లెక్క ఉన్నవే బిడ్డా" అని మురిసింది. నేను మురిసింది వేరే దానికి. గైడ్స్ ఎడమ చేతితో చేయి కలుపుతరు. మొదటి రోజు వరుసలో నా ఎదురుగ నిలబడ్డది ఊళ్ళె పెద్ద రైతు బిడ్డ. వాళ్ళింటికి పోతే నాకు నీళ్ళు దోసిట్లో పైనుంచి పోసేటోళ్ళు. ఆ పిల్ల ఎడమ చేయి చాపి నా ఎడమ చేయి పట్టుకున్నది. పట్టుకోక తప్పలేదు, అది నియమం. ఆ చేతి చెమట నాకింకా గుర్తే. గైడు అందరికీ స్నేహితురాలు, తోటి గైడుకు అక్కచెల్లె అని కూడా నియమాల్లో ఉన్నది. నేను నమ్మిన.

తర్వాతి ఏడు క్యాంపుకు పోయినం. టెంట్లు వేసుకొని ఒక్కో గుంపు తన వంట తనే వండుకోవాలె. నీళ్ళు తేవాలె, చెత్తకు తడిగుంట, పొడిగుంట తవ్వాలె, మరుగుదొడ్డి గుంటల్లో మట్టి పొయ్యాలె. అన్నీ వంతులవారీగా. వంతుల కాగితం చెట్టుకు కట్టిన్రు. వంట కాడ నా వంతు రాంగనే పిల్లల్లో గుసగుసలు. మధ్యాహ్నానికి కాగితం మారింది. నాకు గుంటల పని వచ్చింది. తెల్లారి మళ్ళీ గుంటలే. ఐదు రోజులూ గుంటలే. ఎవరూ నన్ను తిట్టలేదు. "నువ్వు మంచిగ చేస్తవు, నీకు అలవాటే గదా" అన్నరు. ఆఖరి రాత్రి మంట చుట్టూ కూసున్నప్పుడు నన్ను లేపి నిలబెట్టి, సేవాభావమంటే ఈ అమ్మాయిని చూసి నేర్చుకోండి అని చెప్పిన్రు. అందరు చప్పట్లు కొట్టిన్రు. నేను సంతోషపడ్డ. అప్పటి ఆ సంతోషాన్ని తలుచుకుంటే ఇప్పుడు కడుపు మండుతది.

1995లో పది పాసయిన. గైడ్స్‌లో ఉండి సమాజసేవ చేసిన ఆడపిల్లల కాలేజీ చదువుకు సాయం చేస్తమని పట్నంలో ఒక ధర్మసంస్థ ప్రకటించింది. ఫారంలో ఒక కాలమ్ ఉన్నది: "చేసిన సేవ". దీపం కాడ కూసొని రాసిన. వాడలో పదిమంది పిల్లలకు రాత్రిపూట అక్షరాలు నేర్పిన. బోరింగు చుట్టూ బురద ఎత్తిపోసి రాళ్ళు పరిచిన. అవ్వ ఎంట పురుళ్ళకు పోయి నీళ్ళు కాచిన. మా అమ్మమ్మ, అవ్వ ఊళ్ళె పురుళ్ళు పోసేటోళ్ళు. బొడ్డు కోసేదాక మాకు లోపలి అర్రలో చోటు. బొడ్డు కోసినంక ఆ అర్ర కడుక్కొని, మమ్మల్ని వాకిట్ల నిలబెట్టి కొంగుల బియ్యం పోసేటోళ్ళు.

ఇంటర్వ్యూలో ఒక పెద్దమనిషి నా ఫారం చదివి కళ్ళద్దాలు తీసిండు. "ఇది సేవ ఎట్లయితదమ్మా? మీవాళ్ళు చేసే పనే గదా. పిల్లలకు చదువు చెప్పిన అంటున్నవు, అది మీ వాడకే గదా. సేవంటే ఇతరులకు చేసేది." నా తర్వాత వచ్చిన అమ్మాయి దవాఖానలో రోగులకు పండ్లు పంచిన ఫొటోలు తెచ్చింది. ఆమెకు వచ్చింది, నాకు రాలేదు. ఆమె తప్పేమీ లేదు.

ఇంటికొచ్చి అవ్వకు చెప్పిన. "బియ్యం తీసుకున్నం గదా బిడ్డా, అందుకే సేవ గాదేమో" అన్నది. కాసేపాగి, "తీసుకోకపోతే ఏం తిందుము?" అన్నది.

నేను చదివింది అంబేద్కర్ పెట్టించిన స్కాలర్‌షిప్‌తోని. 1942లో ఆయన వైస్రాయి కౌన్సిల్‌లో సభ్యుడైండు. మనవాళ్ళ కష్టాలన్నీ రాసి అదే ఏడు అక్టోబర్‌లో ప్రభుత్వానికి విజ్ఞాపన ఇచ్చిండు. పై చదువుకు డబ్బు ఇవ్వాలని అందులో అడిగిండు. 1944లో షెడ్యూల్డు కులాల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. ఆ ఫారంలో కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, మార్కుల మెమో అడిగిన్రు. చేసిన సేవ ఏందని అడగలేదు. మంచిదానివా, అణకువ ఉన్నదానివా అని అడగలేదు. అది హక్కు గనక అడగలేదు. దాతల ముందు నిలబడే పిల్లకూ, హక్కుతో నిలబడే పిల్లకూ ఉన్న తేడా నాకు ఆ రెండు ఫారాలే చెప్పినయి. ఈ హక్కు కూడ ఊరికే నిలబడదు. 2020 డిసెంబర్‌లో కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం భరించాలని తేల్చేదాక రాష్ట్రాల మీద భారం పడుతనే ఉన్నది. ఇప్పటికీ బకాయిల కోసం విద్యార్థులు రోడ్డెక్కుతనే ఉన్నరు.

డిగ్రీలో ఉన్నప్పుడు స్కౌటింగు చరిత్ర చదివిన. 1909లో అది ఇండియాకు వచ్చినప్పుడు ఐరోపావాళ్ళ పిల్లలకు, ఆంగ్లో ఇండియన్ పిల్లలకే పరిమితం. భారతీయుల పిల్లలకు ప్రవేశం లేదు. అందుకే అనీబిసెంట్ 1916లో మద్రాసులో భారతీయుల కోసం వేరే స్కౌటు సంఘం పెట్టింది. మంచిదే. అదే అనీబిసెంట్ 1909లో 'ఇండియన్ రివ్యూ'లో ఏం రాసింది? అంటరాని కులాల పిల్లల్ని పై కులాల పిల్లలతో ఒకే బడిలో కూసోబెట్టొద్దన్నది. వాళ్ళ ఒళ్ళు కంపు, ముందు శుభ్రత నేర్పాలె అన్నది. ఈ మాటల్ని అంబేద్కర్ 1945లో కాంగ్రెస్, గాంధీల మీద రాసిన పుస్తకంలో ఎత్తి చూపిండు. తెల్లవాళ్ళు గీసిన గీత కనపడ్డది, ఊరికీ వాడకూ నడుమ గీత మాత్రం న్యాయమనిపించింది. మా క్యాంపులో చెట్టుకు కట్టిన కాగితం ఎక్కడ పుట్టిందో నాకప్పుడు అర్థమైంది.

ఇప్పుడు నేను సర్కారు బడిలో టీచర్‌ను, గైడ్ కెప్టెన్‌ను. అవ్వ నాట్లేసిన పొలాల్లో ఇప్పుడు అపార్టుమెంట్లున్నయి. మొన్న చలికాలంలో ఆ అపార్టుమెంట్ల నుంచి ఆదివారాలు నలుగురు ఆడపిల్లలు వచ్చిన్రు. అమెరికా కాలేజీలకు దరఖాస్తు పెట్టుకునేటప్పుడు సమాజసేవ చూపిస్తే మంచిదట. అక్కడ గర్ల్ స్కౌట్లలో పెద్దదైన గోల్డ్ అవార్డుకు కనీసం 80 గంటల పని చెయ్యమంటరు. ఈ పిల్లలు మా గోడలకు రంగులేసిన్రు, బొమ్మలు గీసిన్రు. బుద్ధిగ చేసిన్రు. గంటలు రాసుకొచ్చిన కాగితం మీద నేను సంతకం పెట్టిన.

అదే మూడు ఆదివారాలు నా గైడు ఒకామె వాళ్ళకు నీళ్ళు మోసింది, బ్రష్షులు కడిగింది, కింద పడ్డ రంగు తుడిచింది. పదో తరగతి పిల్ల. వాళ్ళమ్మ తెల్లారక ముందే మున్సిపాలిటీ రోడ్డు ఊడ్వటానికి పోతది. గైడ్స్‌లో ఉన్న ఆడపిల్లలకు ఒక ట్రస్టు ఇచ్చే కాలేజీ స్కాలర్‌షిప్ ఫారం తెచ్చి నా ముందట పెట్టింది. అన్నీ నింపింది, సేవ కాలమ్ ఖాళీ.

"నేనేం సేవ చెయ్యలే టీచర్" అన్నది.

నేను 1995లో రాసి కొట్టేయించుకున్న. ఈ పిల్ల రాయకముందే కొట్టేసుకున్నది.

కూసోబెట్టి అడిగిన. సాయంత్రం ఇంటి కాడ ఏం చేస్తవు? ఆరుగురు చిన్న పిల్లలకు లెక్కలు చెప్తదట. రోజూ గంట, వారానికి ఐదు రోజులు, ఏడాది నుంచి. ఇద్దరం కలిసి లెక్కేసినం. రెండువందల గంటలు దాటింది. డిగ్రీ కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ వాళ్ళు రెండేళ్ళకు అడిగేది 240 గంటలు. రంగుల రోజుల గంటలు కూడ కలిపినం. రంగు వేసింది సేవ అయితే బ్రష్షు కడిగింది ఎందుకు కాదు?

"అమ్మతోని ఊడ్వటానికి పోయింది రాయాల్నా టీచర్? నవ్వుతరేమో."

ఆ మాటకు నేను ఆగిపోయిన. రాయమంటే నాకు క్యాంపు మంట, ఆ చప్పట్లు యాదికొచ్చినయి. మన పనిని సేవ అని పొగిడే కొద్దీ మనల్ని అందులోనే ఉంచుతరు. "వద్దు బిడ్డా" అన్న. "అది సేవ గాదు, కొలువు. అమ్మకు రావాల్సింది పొగడ్త గాదు. జీతం టైముకు రావాలె, చేతులకు గ్లౌజులు రావాలె. నువ్వు నీ ఇష్టంతోని చేసింది రాయి. అది ఎవ్వరూ కాదనరాదు."

వాడకు చేసింది సేవ కాదంటే, రాసిన గంటలు చూపించి నేనే మాట్లాడుత. గైడ్ కెప్టెన్‌గా సంతకం పెట్టిన, ఎవరికి చదువు చెప్పిందో, ఎప్పటి నుంచో వివరంగ ఉత్తరం కూడ జతచేసిన.

మా క్యాంపుల్లో ఇప్పుడు వంతులకు చీటీలు తీస్తం. వచ్చిన వంతు మారదు. వంట వచ్చినోళ్ళు వండుతరు, అందరు తింటరు. తిననన్న పిల్లను నేను తిట్టను, కానీ ఇంకో వంట మాత్రం ఉండదు. ఇప్పటిదాక ఎవ్వరూ ఆకలితోని పండుకోలేదు.

ఆ పిల్ల ఫారానికి ట్రస్టు నుంచి జవాబు ఇంకా రాలేదు. కులం, ఆదాయం సర్టిఫికెట్లకు మీసేవలో దరఖాస్తు పెట్టించిన. ఇంటర్‌లో చేరంగనే పోస్ట్ మెట్రిక్ ఫారం కూడ నింపుతం. ట్రస్టు ఇస్తే తీసుకుంటది. ఇయ్యకపోయినా కాలేజీకి పోతది.