ల్యాబులో రెండు గొట్టాలు

డెంగీ జ్వరాల మీద రాసుకు రమ్మని మా సంపాదకులు పంపితే జిల్లా ఆసుపత్రికి వెళ్లాను. వార్డులన్నీ తిప్పి చూపిస్తామన్నారు. నేను మాత్రం రక్తపరీక్షల గదిలోనే ఉండిపోయాను. అక్కడి టెక్నీషియన్ చేతుల మీంచి చూపు మరల్చుకోలేకపోయాను.

వేలి కొసన ఉబికిన రక్తపు బొట్టుకి సన్నటి గాజు గొట్టాన్ని ఏటవాలుగా ఆనిస్తుంది. రక్తం దానంతటదే లోపలికి పాకుతుంది. ముప్పాతిక వంతు నిండగానే తుడిచి, ఒక కొసను మైనపు ముద్దలో గుచ్చి మూసేస్తుంది. సెంట్రిఫ్యూజులో ఐదు నిమిషాలు గిర్రున తిరిగాక చూస్తే కింద ఎర్రకణాలు, పైన గడ్డిరంగు ప్లాస్మా. ఎర్ర భాగం నూటికి ఎంతో అదే పీసీవీ. పక్కనున్న మిషన్ కూడా ఈ అంకె చెబుతుంది. అయినా అనుమానం తగిలితే ఆమె కళ్లారా చూసుకోనిదే రిపోర్టు ఇవ్వదు. ఆ శ్రద్ధకు దండం పెట్టాలనిపించింది.

అంతలో కిటికీ దగ్గర ఒక పెద్దాయన గొంతు లేచింది. "నా రక్తం చిక్కబడిందన్నారమ్మా. చిక్కటి గంజి గొట్టంలోంచి పోవాలంటే గట్టిగా ఊదాలా వద్దా? పలచబడే మాత్ర వేసుకుంటున్నాను. ఇంక బీపీ బిళ్ల దేనికని మానేశాను." ఆయన చీటీ మీద బీపీ 170/100.

ఆమె కసురుకోలేదు. రెండు గొట్టాలు తీసి వెలుతురుకి ఎత్తి పట్టింది. "ఇది మీది తాతగారూ. 42. ఉండాల్సినంతే ఉంది. ఇది డెంగీ వార్డులో అబ్బాయిది. మొన్న 40, ఇవాళ 50. చిక్కబడింది వాడి రక్తం. బీపీ 90/70కి పడిపోయిందని సెలైన్ ఎక్కిస్తున్నారు."

డెంగీ ముదిరితే ప్లాస్మా నాళాల గోడల్లోంచి బయటికి కారిపోతుంది. మిగిలిన రక్తం చిక్కబడుతుంది, కానీ నాళాల్లో దాని మొత్తం తగ్గడంతో పోటు పడిపోతుంది.

పెద్దాయన మాటలో నిజం లేకపోలేదు. ఫ్రెంచి వైద్యుడు ప్వాజోయ్ 1840లలో సన్నటి గాజు గొట్టాల్లో ద్రవాలు పారించి చూశాడు. ఆయన పేరుతో నిలిచిన సూత్రం ప్రకారం చిక్కదనం రెట్టింపైతే ప్రవాహానికి అడ్డు రెట్టింపవుతుంది. గొట్టం వ్యాసార్థం సగమైతే మాత్రం అడ్డు 16 రెట్లవుతుంది. బీపీ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి చిక్కల్లా చిన్న ధమనులు బిగుసుకోవడంతోనూ, ఒంట్లో ఉప్పూ నీరూ నిలవడంతోనూ. చిక్కదనమే పోటును పెంచే జబ్బులూ లేకపోలేదు. ఎముక మజ్జ ఎర్రకణాలను అదుపు లేకుండా పుట్టించే పాలీసైథీమియా అలాంటిదే. అందులో రక్తం తీసేసి పీసీవీని 45 లోపు ఉంచుతారు.

పెద్దాయన మింగుతున్నది ఆస్ప్రిన్. అది ప్లేట్‌లెట్లు అతుక్కుని గడ్డ కట్టకుండా చూస్తుందే తప్ప చిక్కదనాన్ని తగ్గించదు, బీపీని దించదు. పైగా బీపీ అదుపు తప్పి మెదడులో రక్తనాళం చిట్లితే ఆ రక్తస్రావం ఆగడం కష్టం. గుండె కోసమో స్టెంటు కోసమో డాక్టరు రాస్తే ఆస్ప్రిన్ వేసుకోవాల్సిందే. బీపీ బిళ్లకు బదులుగా మాత్రం పనికిరాదు.

ఆయన రెండు గొట్టాలనీ మార్చి మార్చి చూశాడు. "అయితే బిళ్ల మానకూడదంటావా అమ్మా?" అన్నాడు. "మానకూడదు" అంది.

నా కోపం ఆయన మీద కాదు. ఆ మాత్రలు చేతిలో పెట్టిననాడు ఏది దేనికో ఎవరూ చెప్పలేదు. బయట ఓపీలో బీపీ చూడటమూ చూశాను. మెట్లెక్కి వచ్చిన మనిషికి వచ్చినట్టే చొక్కా మీద పట్టీ చుడుతున్నారు. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, వీపుకి ఆసరా ఇచ్చి, చెయ్యి గుండె ఎత్తున ఉంచి, మాట్లాడనివ్వకుండా, ఒకటికి రెండుసార్లు చూడాలి. ఇది సిబ్బందికి తెలియనిది కాదు. ఆ వరసలో అంత వ్యవధి ఎవరికిచ్చారు గనక?

ఆ టెక్నీషియన్ త్వరలో రిటైరవుతోంది. ఆమె చేతిపని మిషన్‌తో సరిపెట్టుకోవచ్చు. కానీ కిటికీలోంచి ఆమె చెప్పిన ఆ నాలుగు మాటలు ఎవరి ఉద్యోగంలోనూ భాగంగా రాసి లేవు. రాయాలి. బీపీ చూసే చోట కుర్చీలు వెయ్యాలి, మాత్రలిచ్చే చోట విడమరిచి చెప్పే మనిషిని పెట్టాలి. బిళ్ల దేనికో తెలియని మనిషి దాన్ని ఏదో ఒకరోజు మానేస్తాడు. అప్పుడు తప్పు ఆయనదని అనే హక్కు మనకు లేదు.