శ్రీపాదశిఖరాన అరవైయవ జన్మదినం

షష్టిపూర్తి దంపతులు కలిసి జరుపుకొనే క్రతువు. ఉగ్రరథశాంతి అనంతరం పతి మరల మాంగల్యధారణ చేయవలె. నా సహధర్మచారిణి శివసాయుజ్యం పొంది నాలుగేండ్లు. శాంతిహోమమైనా చేయిద్దామన్నారు కుమారులు. ఆ పీటపై ఒంటరిగా కూర్చోవడం నావల్ల కాదన్నాను. జన్మదినానికి శ్రీలంకలోని శ్రీపాదపర్వతం చేరాను.

ఎత్తు 2,243 మీటర్లు. నల్లతన్నియ గ్రామం నుండి దాదాపు 5,500 మెట్లు. డిసెంబరు పూర్ణిమ మొదలు వైశాఖపూర్ణిమ వరకు యాత్రాకాలం, ఆరోహణం రాత్రివేళ. శిఖరాన ఒక పాదముద్ర ఉంది. మనకది శివపాదం, తమిళులు ఆ గిరిని శివనొళిపాదమలై అంటారు. బౌద్ధులకు బుద్ధపాదం, మహమ్మదీయులకు ఆదిమానవుడైన ఆదము పాదం. ఎవరిదన్న వాదం ఆ మెట్లపై నాకు వినబడలేదు. అందరిదీ ఒకే ఆయాసం. నాకైతే తత్త్వచింతన కన్న మోకాళ్ళ చింతనే అధికమైంది!

పైన ఒక ఘంట. ఎన్నిమార్లు కొండ ఎక్కితే అన్నిమార్లు మోగించడం ఆచారం. నా ముందున్న సింహళ వృద్ధురాలు మోగిస్తూనే ఉంది. అరవై ఏండ్ల నేను ఒక్కమారే మోగించాను. ఆమె పేరిట రెండవది మోగించబోయి ఆగాను. ఎక్కింది ఈ దేహమొక్కటే. శివసన్నిధిలో అసత్యం తగదు.

సూర్యోదయమైంది. పడమట మంచుపై పర్వతచ్ఛాయ త్రికోణంగా పరచుకొని, క్రమంగా కుంచించుకుపోయింది. అర్ఘ్యప్రదానం ముగించి మెట్లు దిగసాగాను.