అప్పన్న పేరు నడిచిన దారి

ద్రావిడ భాషల్లో 'అప్ప' అంటే తండ్రి. దానికి 'అన్న' చేరితే అప్పన్న. విశాఖపట్నం పక్కనున్న సింహాచలం కొండమీది వరాహ లక్ష్మీనరసింహస్వామిని ఉత్తరాంధ్ర జనం పిలుచుకునే పేరు ఇదే. అర్చకుల నోట ఉన్న పొడవాటి సంస్కృత నామం కంటే ఊళ్లకు దగ్గరైనది ఈ రెండు ముక్కలే. ఏడాది పొడవునా చందనం పూతలో ఉండి, వైశాఖ శుద్ధ తదియనాడు మాత్రమే నిజరూపంతో కనిపించే దేవుణ్ణి సింహాద్రి అప్పన్న అనడంలో భయం కన్నా చనువే ఎక్కువ.

మొక్కుకుని కన్న బిడ్డకు దేవుడి పేరు పెట్టడం అలవాటు. అలా ఒక్క అప్పన్న నుంచి అప్పలస్వామి, అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలనరసయ్య పుట్టుకొచ్చారు. ఆడపిల్లలు అప్పలమ్మలయ్యారు. కొండ పేరే మనిషి పేరైన సింహాచలం ఇంకా చిత్రం: అది మగవాళ్లకూ ఉంది, ఆడవాళ్లకూ ఉంది.

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాలు ఈ పేర్లకు పుట్టిల్లు. కథకుడు అట్టాడ అప్పలనాయుడు ఈ ప్రాంతం వాడే. రైల్వే పనులకు ఖరగ్‌పూర్ వెళ్లినవాళ్లు, కూలికి రంగూన్ ఓడ ఎక్కినవాళ్లు ఈ పేర్లనూ వెంట తీసుకెళ్లారు. రాయలసీమలోనో తెలంగాణలోనో అప్పలస్వామి ఎదురైతే, ముందు ఏ జిల్లా అని అడగాల్సిన పనే ఉండదు.

ఇప్పటి పసిపిల్లలకు ఈ పేరు పెట్టేవాళ్లు తక్కువ. తాత పేరుగానే ఎక్కువగా వినిపిస్తోంది.