దీవుల మధ్య తరగతి

స్కాట్లాండు పటాన్ని విప్పి చూసినవారికి దాని ఉత్తర, పశ్చిమ తీరాలు చిరిగిన వస్త్రపు అంచుల్లా కనబడతాయి. కొండలు, వాటి నడుమకు చొచ్చుకువచ్చిన సముద్రపు పాయలు, ఆవల చెదరిపోయిన దీవులు. హైలాండ్స్ అని పిలిచే ఆ పర్వత ప్రాంతానికి ఇన్వర్‌నెస్ ప్రధాన నగరం. లూయిస్ దీవిలోని స్టోర్నవే నుండి ప్రధాన భూభాగపు రేవు ఉల్లపూల్ చేరడానికి ఓడలో రెండున్నర గంటలకు పైగా పడుతుంది. ఇంకా ఉత్తరాన షెట్లాండ్ దీవుల్లోని లెర్విక్ పట్టణంలో సాయంకాలం ఓడ ఎక్కినవారు అబర్డీన్‌లో దిగేసరికి తెల్లవారుతుంది. శీతకాలపు తుపానులు రేగిన రోజుల్లో ఆ ఓడలు కూడా రేవు విడిచి కదలవు.

ఇటువంటి చోట పుట్టిన పిల్లలకు ఉన్నత విద్య అంటే చాలాకాలం ఊరు విడవడమే. చదువు ఎడిన్‌బరోలోనో గ్లాస్గోలోనో; ఆ తరువాత ఉద్యోగం అక్కడే, సంసారం అక్కడే. పిల్లలు హైదరాబాదుకో అమెరికాకో వెళ్లిపోగా తల్లిదండ్రులు మాత్రమే మిగిలిన లోగిళ్లను ఎరిగిన తెలుగువారికి ఈ బాధను వివరించనక్కరలేదు. స్కాట్లాండు పడమటి దీవుల జనాభా 1901లో సుమారు 46 వేలు. 2022 నాటికి అది సుమారు 26 వేలకు తగ్గింది. ఇందుకు చదువు ఒక్కటే కారణమని అనలేము. కాని చదువు కోసం వెళ్లినవారు యువకులు కావడం వల్ల ఆ లోటు లెక్కకన్న ఎక్కువగా తెలుస్తుంది.

ఉత్తర స్కాట్లాండుకు ఒక విశ్వవిద్యాలయం కావాలన్న కోరిక నిన్నటిది కాదు. 17వ శతాబ్దంలోనే సర్ థామస్ అర్కర్ట్ అనే క్రోమర్టీ వాసి ఆ ఆలోచన చేశాడు. ఫ్రెంచి రచయిత రబెలేను ఇంగ్లీషులోకి తెచ్చిన అనువాదకుడు ఆయనే. అనువాదకుల ఊహలను రాజ్యాలు వెంటనే చెవిన పెట్టకపోవడం ఏ దేశంలోనైనా ఉన్నదే! 1960లలో ఇన్వర్‌నెస్ పౌరులు మళ్లీ అడిగారు. ఆ కొత్త విశ్వవిద్యాలయం దక్షిణాన ఉన్న స్టెర్లింగ్ నగరానికి దక్కింది. 1990లలో పెద్దలు మరొక మార్గం పట్టారు. ఒకేచోట భవనాలు కట్టి పిల్లలను రప్పించడానికి బదులు, దూరదూరాల్లో అప్పటికే ఉన్న కళాశాలలన్నింటినీ కలిపి ఒక విశ్వవిద్యాలయంగా నిలపాలనుకున్నారు. అదే యూనివర్సిటీ ఆఫ్ ది హైలాండ్స్ అండ్ ఐలాండ్స్. 2001లో ఉన్నత విద్యాసంస్థగా గుర్తింపు పొంది, 2011లో విశ్వవిద్యాలయమైంది. అప్పటికి అందులో పదమూడు కళాశాలలు, పరిశోధన సంస్థలు ఉన్నాయి. దక్షిణాన పెర్త్, ఉత్తరపు కొసన లెర్విక్. మధ్య దూరం నాలుగు వందల కిలోమీటర్లకు పైమాటే.

అయితే ఒక చిక్కు. ఒక విషయం చదవాలనుకునేవారు ఈ దీవిలో ఇద్దరు, ఆ దీవిలో ముగ్గురు, కొండల నడుమ ఊళ్లో ఒక్కరు. ఆ విషయం తెలిసిన అధ్యాపకుడు వేరొక దీవిలో ఉంటాడు. వీరందరినీ ఒకే గంటలో ఒకే తరగతిగా కూర్చోబెట్టాలి. వీడియో కాన్ఫరెన్సు ఆ విశ్వవిద్యాలయానికి అలంకారం కాదు, అదే దాని పునాది.

దూరాన ఉన్నవారికి బొమ్మ ద్వారా పాఠం చెప్పడం మనకూ తెలిసినదే. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుండి ఎగిరిన ఎడ్యుశాట్ కేవలం విద్య కోసం ఉద్దేశించిన ఉపగ్రహం. 2010 వరకు పనిచేసింది. నగరంలోని స్టూడియోలో అధ్యాపకుడు, ఎక్కడో పల్లె కళాశాలలో టెలివిజన్ ముందు విద్యార్థులు. అనేక తరగతుల్లో బొమ్మ అటునుండి ఇటు వచ్చేదే కాని ఇటునుండి అటు పోయేది కాదు. విద్యార్థి గొంతు మాత్రమే గురువును చేరేది. అధ్యాపకులు కరవైన చోట ఆ పాఠాలు చేసిన మేలు తక్కువది కాదు. కాని తన ముఖం గురువుకు కనబడదని తెలిసిన విద్యార్థి క్రమంగా శ్రోత అవుతాడు. శ్రోత కావడం వేరు, శిష్యుడు కావడం వేరు.

శిష్యుడి ముఖం కనబడినంత మాత్రాన కూడా సరిపోదు. మనుషుల సంభాషణలో ఒకరి మాట ముగిసి మరొకరు అందుకోవడానికి మధ్య వ్యవధి సగటున సెకనులో అయిదో వంతు మాత్రమేనని, వేర్వేరు భాషలను పరిశీలించిన పండితులు తేల్చారు. ఇక భూమికి సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహానికి మాట ఎక్కి దిగడానికి పావు సెకను పడుతుంది. జవాబు రావడానికి మరో పావు సెకను. అర సెకను ఎంతపాటిది అనిపించవచ్చు. ఆ అర సెకనులో ప్రశ్న అడిగినవాడు తన మాట వినబడలేదేమోనని మళ్లీ మొదలుపెడతాడు, అదే క్షణంలో జవాబు వచ్చి పడుతుంది, ఇద్దరూ ఆగిపోతారు. నాలుగుసార్లు ఇలా జరిగితే అయిదోసారి ఎవరూ ప్రశ్న అడగరు.

గాజుతీగలో కాంతి సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. ఇన్వర్‌నెస్ నుండి లెర్విక్‌కు దానికి పట్టే కాలం కొన్ని మిల్లీ సెకన్లే. అక్కడ ఆలస్యం దూరం వల్ల కాక, బొమ్మను కుదించి పంపి మళ్లీ విప్పే యంత్రాల వల్ల వస్తుంది. మాట ఒకవైపు చేరడానికి 150 మిల్లీ సెకన్లు మించకపోతే సంభాషణకు చాలావరకు ఇబ్బంది ఉండదని అంతర్జాతీయ ప్రమాణం. మంచి పరికరాలు కొనాలని పోరేవారిని విలాసం కోరుతున్నారని నిందించేవారు ఈ లెక్కను గుర్తుంచుకోవాలి.

బొమ్మకన్న ధ్వని ముఖ్యం. బొమ్మ కాస్త మసకబారినా పాఠం సాగుతుంది. మాట తెగితే సాగదు. ఒక గదిలోని స్పీకరు నుండి వచ్చిన గొంతును అదే గదిలోని మైకు మళ్లీ పట్టుకుంటే, మాట్లాడేవారికి తమ మాటే ప్రతిధ్వనిగా తిరిగి వినబడుతుంది. దాన్ని తుడిచివేసే యంత్రం లేనిచోట ఎంతటి వక్తయినా తడబడతాడు. కెమెరాను తెరకు దూరంగా ఒక మూలన బిగిస్తే, అధ్యాపకుడు విద్యార్థుల ముఖాలను చూస్తున్నా వారికి ఆయన గోడను చూస్తున్నట్లు ఉంటుంది. అనేక ఊళ్లను ఒకేసారి కలిపినప్పుడు ఎవరి గొంతు వినబడితే వారి బొమ్మనే తెరపైకి తెచ్చే పద్ధతి ఒకటి ఉంది. ఆ పద్ధతిలో దగ్గినవాడు తెరనిండా ప్రత్యక్షమవుతాడు. మౌనంగా ఆలోచిస్తున్న అమ్మాయి తరగతిలో లేనట్లే. అన్ని గదులనూ ఎల్లవేళలా పక్కపక్కన చూపే పెద్ద తెర ఉన్నప్పుడే అధ్యాపకునికి ఆ మౌనం కనబడుతుంది. అర్థం కాక ముడిపడిన కనుబొమ్మ కనబడుతుంది. తరగతిలో గురువు చదవవలసిన మొదటి గ్రంథం అదే కదా!

రెండు కొసలూ ఇలా సమానంగా కనబడి వినబడినప్పుడు మరొక మార్పు వస్తుంది. ఎప్పుడూ రాజధాని నుండి పల్లెకు ప్రవహించే విద్య ఎదురు తిరగగలుగుతుంది. ఆ విశ్వవిద్యాలయంలో పురావస్తు శాస్త్రానికి నెలవు ఇన్వర్‌నెస్ కాదు, ఆర్క్నీ దీవుల్లోని కిర్క్‌వాల్. అయిదువేల ఏళ్లనాటి రాతి కట్టడాలు ఉన్నది ఆ దీవుల్లోనే కనుక అది సహజం. దీవిలోని పండితుడు దీవిని విడవకుండానే నగరంలోని విద్యార్థికి గురువు కావచ్చు. స్కై దీవిలో 1973లో ఒక పాత ధాన్యపు కొట్టంలో మొదలైన గేలిక్ భాషా కళాశాల కూడా ఈ కూటమిలోనిదే. సావల్ మోర్ ఓస్టాగ్ అన్న దాని పేరుకు అర్థం ఓస్టాగ్‌లోని పెద్ద కొట్టం అనే. 1901లో రెండు లక్షల మందికి పైగా మాట్లాడిన గేలిక్, 2011 నాటికి సుమారు 57 వేల మంది నోట మిగిలింది. 2022 జనాభా లెక్కల్లో ఆ సంఖ్య 70 వేలకు చేరువైంది. అంత కొద్దిమంది అంతంత దూరాల్లో ఉన్నప్పుడు, ఒక పదాన్ని ఎలా పలకాలో పెదవుల కదలికతో సహా చూపగల తరగతి విలువ ఇంతని చెప్పలేము.

2020లో మహమ్మారి వచ్చి లోకమంతటినీ తెరల ముందు కూర్చోబెట్టింది. మన పల్లెల్లో సిగ్నలు కోసం మేడలెక్కిన పిల్లలున్నారు. కెమెరా ఆపివేసిన నల్లని గడుల వరుసకు పాఠం చెప్పిన అధ్యాపకుల వేదనా తక్కువది కాదు. దాన్ని చూసి తెరపై చదువు పనికిరాదని తీర్మానించినవారు చాలామంది. ఇంటిలో ఒంటరిగా చేతిఫోను పట్టుకుని కూర్చోవడం వేరు. తన ఊరి కళాశాల గదిలో తోటివారి పక్కన కూర్చుని వేరొక గదిలోని వారితో కలిసి చదవడం వేరు. మన దేశంలో విశ్వవిద్యాలయాలను, పరిశోధన సంస్థలను వేగవంతమైన తీగలతో కలపడానికి 2010లో కేంద్ర ప్రభుత్వం 5,990 కోట్ల రూపాయలతో జాతీయ విజ్ఞాన జాలాన్ని ఆమోదించింది. తీగ గోడదాకా వచ్చాక ఆ గదిలో మైకు ఎక్కడ పెట్టాలి, వెలుతురు ఎటునుండి పడాలి, అవతలి ఊరి పిల్లల పేర్లు అధ్యాపకునికి తెలుసా అన్నవి చిన్న విషయాలుగా కనబడతాయి. కాని తరగతి నిలిచేది వాటిపైనే.

తీగకూ తుపాను ఉంది. 2022 అక్టోబరు 20న షెట్లాండ్‌ను ప్రధాన భూభాగంతో కలిపే సముద్రగర్భపు తీగ దెబ్బతిన్నది. ఫేరో దీవుల వైపు పోయే తీగ అంతకు కొద్దిరోజుల ముందే చెడిపోయి ఉన్నది. దీవుల్లో ఫోన్లు, ఇంటర్నెట్ చాలావరకు ఆగిపోయాయి. దుకాణాల్లో కార్డులు పనిచేయక నగదు కోసం వెతుక్కున్నారు. ఆ తీగను అతకడానికి సముద్రం మీదికి ఓడను పంపవలసి వచ్చింది.