రెండో బంతిలో కూర్చుంటే పోయేదేముంది?

డెస్క్‌టాప్ వచ్చేస్తుంది. మౌసు మాత్రం కదలదు. బ్రౌజరు మీద క్లిక్ చేస్తే ఎప్పటికో తెరుచుకుంటుంది. ఈలోపు హార్డ్ డిస్కు లైటు మినుకుమినుకుమంటూనే ఉంటుంది. "విండోస్ బతుకే ఇంత" అని తిట్టుకోని వాళ్ళెవరైనా ఉన్నారా? నన్నడిగితే ఆ తిట్లలో పెద్ద వాటా చెందాల్సింది విండోస్‌కి కాదు, దాని మీద నడిచే సాఫ్టువేర్లు రాసే మన జాతికి!

పెళ్ళిలో మొదటి బంతి సంగతి మీకు తెలిసిందే. పెద్దవాళ్ళు, చంటిపిల్లల తల్లులు, రైలుకి వెళ్ళాల్సినవాళ్ళు ముందు కూర్చోవాలి. పక్క వీధిలో ఉండేవాడు కాసేపాగితే పోయేదేమీ లేదు. కానీ అందరూ తోసుకొస్తే వడ్డించేవాడు ఏ విస్తరి దగ్గరా నిలవలేక అటూ ఇటూ పరిగెడుతుంటాడు. కంప్యూటరు లేచేటప్పుడు జరిగేది అచ్చం ఇదే. నెట్‌వర్కు, ఆడియో, యాంటీవైరస్ లాంటివి వెంటనే కావాలి, నిజమే. ప్రింటరు కంపెనీవాడి అప్‌డేట్ సర్వీసు, ఏడాదికోసారి కూడా వాడని ఫోను సాఫ్టువేరు తాలూకు సర్వీసు... ఇవి కూడా "ఆటోమేటిక్" అని రాసుకుని మొదటి బంతిలోనే కూర్చుంటాయి. హార్డ్ డిస్కు సెకనుకి ఇంచుమించు ఒక వంద వేర్వేరు చోట్ల నుంచి మాత్రమే చదవగలదు. పాపం, అదొక్కటీ ఎంతమందికని వడ్డిస్తుంది?

దీనికి మైక్రోసాఫ్ట్‌వాళ్ళు విస్టాతోనే ఒక మందు ఇచ్చారు. విస్టా 2007లో జనం చేతికి వచ్చింది. దాన్ని అందరం తిట్టాం గానీ, "ఆటోమేటిక్, డిలేయ్డ్ స్టార్ట్" అనే ఈ మంచి సంగతి కూడా అందులోనే వచ్చింది. ఇలా పెట్టిన సర్వీసు మామూలు ఆటోమేటిక్ సర్వీసులన్నీ అయ్యాక, మామూలుగా ఇంకో 120 సెకన్లు ఆగి, అప్పుడు మొదలవుతుంది. అది కూడా తక్కువ ప్రయారిటీతో. సర్వీసెస్ డాట్ ఎంఎస్‌సీ తెరిచి, సర్వీసు ప్రాపర్టీస్‌లో స్టార్టప్ టైప్ మారిస్తే సరి. రిజిస్ట్రీ జోలికి వెళ్ళక్కర్లేదు.

ఇందులో అంత విశేషమేముంది అంటారా? మా కాలనీలో రిటైరైన మాస్టారొకాయన ఉన్నారు. 2019లో ఆయన కంప్యూటరు ఆన్ చేస్తే పనికొచ్చేసరికి ఆరేడు నిమిషాలు పట్టేది. షాపువాడు చూసి "ఇది అయిపోయింది సార్, కొత్తది కొనండి" అన్నాట్ట. పెన్షను డబ్బుల్లోంచి 35 వేలు! నేను చూస్తే యంత్రంలో ఏ లోపమూ లేదు. ఐదు సర్వీసుల్ని వెనక్కి జరిపాను, ఆయన ఎన్నడూ వాడని రెండింటిని మాన్యువల్‌లో పెట్టాను. మూడు నిమిషాల్లోపే ఆయన మెయిల్ చూసుకోగలిగారు. ఆ కంప్యూటరు తర్వాత ఇంకో నాలుగేళ్ళు నడిచింది. "దీనికి డబ్బులేమైనా కట్టాలా బాబూ?" అని అడిగారు. అంత సులువైన పని, ఆయన చేతిలో ఉన్న పని, ఆయనకి ఎవరూ చెప్పలేదు!

అలాగని కనపడిన ప్రతిదాన్నీ వెనక్కి తొయ్యకండి. యాంటీవైరస్, ఫైర్‌వాల్ లాంటి కాపలావాళ్ళు గుమ్మంలో ముందే ఉండాలి. ఇంకో సర్వీసు దేని మీద ఆధారపడి ఉందో డిపెండెన్సీస్ ట్యాబులో చూడండి. మామూలు ఆటోమేటిక్ సర్వీసుకి అవసరమైతే, మీరు వెనక్కి జరిపినది కూడా ముందే లేచి కూర్చుంటుంది. ఇంకో మెలిక ఏమిటంటే, విండోస్ 8 నుంచి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా సర్వీసులు నిజంగా ఆగవు, నిద్రపోతాయంతే. కాబట్టి తేడా చూడాలంటే రీస్టార్ట్ చెయ్యాలి.

నిజానికి దీనివల్ల పని తగ్గదు, వరస మారుతుందంతే. పైగా అందరూ రెండో బంతికే వస్తే అక్కడా తోపులాటే. అందుకే పిలిస్తేనే వచ్చే పద్ధతి ఇంకా మేలు. 2009లో వచ్చిన విండోస్ 7 నుంచి ట్రిగ్గర్ స్టార్ట్ ఉంది. పరికరం తగిలించినప్పుడో, నెట్‌వర్కు అడ్రసు దొరికినప్పుడో సర్వీసు లేస్తుంది, లేకపోతే పడుకుంటుంది. డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4 సర్వీస్ ఇన్‌స్టాలర్‌లో అయితే డిలేయ్డ్ ఆటోస్టార్ట్ అనే ప్రాపర్టీని ట్రూ చేస్తే చాలు. ఒక్క లైను!

మరి ఆ ఒక్క లైను ఎందుకు రాయరు? సర్వీసు రాసేవాడి మెషీన్లో ఎస్ఎస్‌డీ ఉంటుంది, బోలెడంత మెమరీ ఉంటుంది. అక్కడ అన్నీ క్షణాల్లో లేస్తాయి. టెస్టరుకి కూడా "సర్వీసు నడవడం లేదు" అనేది బగ్గులా కనిపిస్తుంది గానీ, "మాస్టారు ఆరు నిమిషాలు కూర్చున్నారు" అనేది ఏ రిపోర్టులోనూ కనపడదు. సెటప్‌లో "ఆటోమేటిక్" అని పెట్టే ప్రతిసారీ మనం అడక్కుండానే ఇంకొకరి ఉదయంలోంచి కొన్ని సెకన్లు తీసుకుంటున్నాం. తలా కొన్ని సెకన్లు కలిసే ఆ ఆరు నిమిషాలయ్యాయి.

కాబట్టి ఈసారి డిజైన్ రివ్యూలో ఎవరైనా కొత్త సర్వీసు గురించి చెబుతుంటే ఒక్క ప్రశ్న అడగండి: "ఇది రెండు నిమిషాలు ఆలస్యంగా లేస్తే ఎవరికి నష్టం?" సమాధానం కోసం తడుముకున్నారంటే, దాని విస్తరి రెండో బంతిలోనే వెయ్యాలి. ఏమంటారు?