కర్పూరపు లెక్క

పెదకాకాని మల్లేశ్వరస్వామి ఆలయమున హారతి పళ్ళెము దగ్గరకు వచ్చినప్పుడు పెద్దలు కన్నుల కద్దుకొందురు. పిల్లలు మాత్రము పళ్ళెములోనికి తొంగిచూతురు. కర్పూరము వెలిగినంతసేపు వెలిగి మాయమగును. కట్టెవలె బూడిదనైనను మిగల్చదు. ఆ గ్రామమున నేను రసాయనశాస్త్రము బోధించుచున్న దినములలో ఒక బాలిక, "మాస్టారండీ, పదార్థము నశింపదని చెప్పితిరి గదా! మరి కర్పూరము ఏమైనట్లు?" అని యడిగెను.

ప్రశ్న మంచిది. దానికి నోటిమాట చాలదు, లెక్క చూపవలెను. ఆ లెక్కకే రసాయన సమీకరణమని పేరు.

ముందుగా నీటి సంగతి చూతము. ఉదజని, ఆమ్లజని కలిసి నీరగును. ఉదజని అణువులో 2 పరమాణువులు, ఆమ్లజని అణువులో 2. నీటి అణువులో నుండునవి ఉదజనివి 2, ఆమ్లజనిది ఒక్కటియే. మరి మిగిలిన ఆమ్లజని ఎక్కడికి పోయినది? తరగతిలో సగముమంది వెంటనే దానినిగూడ నీటి అణువులోనికి చొప్పించివేయుదురు. లెక్క సరిపోవును, కాని అది నీరు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడు! గాయములు కడుగుటకు పలుచన చేసి వాడెడి ద్రవము, దాహమునకు త్రాగరాదు.

ఇది తెలుపుటకు నేను మిరపకాయల టిక్కీని చూపెడివాడను. గుంటూరు మిర్చియార్డునకు ఎన్ని టిక్కీలు పంపవలెనన్నది మన యిష్టము. కుట్టిన టిక్కీని విప్పి సరకు మార్చుట మాత్రము కూడదు. అణువునకు ముందు వ్రాయు అంకె టిక్కీల సంఖ్య. అణువులోని చిన్న అంకె లోపలి సరకు. కావున 2 ఉదజని అణువులు, 1 ఆమ్లజని అణువు కలిసి 2 నీటి అణువులగును. ఇరువైపుల ఉదజని 4, ఆమ్లజని 2.

ఈ జమాఖర్చునకు పునాది వేసినవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లావోయిజర్. చర్యకు ముందు పదార్థమెంతయో తరువాతను అంతయేయని 1789లో ప్రకటించిన గ్రంథమున నుడివెను. ఆయన పన్నులు వసూలుచేయు సంఘమున భాగస్వామి. లెక్కల పట్టుదల ఆ వృత్తివలననే అబ్బినదేమో! ఆ పన్నుల పనియే 1794లో ఆయన ప్రాణము తీసినది.

ఇక కర్పూరము. దాని అణువులో కర్బనము 10, ఉదజని 16, ఆమ్లజని 1. పూర్తిగా మండినచో 10 బొగ్గుపులుసు వాయువు అణువులును, 8 నీటి అణువులును ఏర్పడవలెను. వీనికి కావలసిన ఆమ్లజని పరమాణువులు 28. ఒకటి కర్పూరముననే యున్నది. తక్కిన 27 గాలినుండి రావలెను. కాని గాలిలో ఆమ్లజని జంటలుగా నుండును. 27ను జంటలు చేయుటెట్లు? పిల్లలు చాలసేపు తలలు గోకికొనిరి. తుదకు అడిగిన బాలికయే అన్నిటిని రెట్టింపు చేసెను: 2 కర్పూరపు అణువులు, 27 ఆమ్లజని అణువులు; ఫలితము 20 బొగ్గుపులుసు వాయువు, 16 నీరు. ఇరువైపుల కర్బనము 20, ఉదజని 32, ఆమ్లజని 56. తూకము గట్టిచూడగా, ఒక గ్రాము కర్పూరము మండి దాదాపు 3.8 గ్రాముల వాయువును ఆవిరియు నగునని తేలినది. మాయమైనదనుకొన్నది సుమారు నాలుగింతలైనది!

అయితే లెక్క సరిపోయినంతమాత్రమున భయము తీరదు. గాలి బాగుగా తగిలినచో 1 కర్బన పరమాణువు 1 ఆమ్లజని అణువుతో కలిసి బొగ్గుపులుసు వాయువగును. గాలి చాలనిచోట 2 కర్బన పరమాణువులు ఆ ఒక్క ఆమ్లజని అణువునే పంచుకొని 2 కార్బన్ మోనాక్సైడు అణువులగును. రెండు సమీకరణములును తుల్యమైనవే. రెండవదానిలో పుట్టిన వాయువునకు రంగు లేదు, వాసన లేదు. అది రక్తములోని హిమోగ్లోబినును పట్టుకొని ఆమ్లజనిని మోయనీయదు. నిద్రించువారు మేల్కొనకయే మరణింతురు.

ఆ పుష్యమాసమున తరగతిలోని ఒక బాలుని యింట అక్క బాలింతరాలు. చలికి గదిలో బొగ్గుల కుంపటి పెట్టి, పసిబిడ్డకు గాలి తగులునని అమ్మమ్మ తలుపులు, కిటికీలు బిగించెనట. బాలుడు పలకపై రెండు లెక్కలును వ్రాసి ఆమెకు చూపెను. ఆమెకు అంకెలు రావు. "ఈ రెండవదానిలో చచ్చిపోదురే అమ్మమ్మా!" అని వాడు ఏడ్చుచు చెప్పగా, ఆ రాత్రియే కుంపటి వసారాలోనికి వచ్చినది.