హరీస్‌లో కారం లేదు

మీ తిండి అరబ్బు తిండి, మీ దేశం అరబ్బు దేశం. కరీంనగర్‌లో బీఏ చదివేటప్పుడు ఈ మాట మొదటిసారి విన్నాను. అన్నది నా పక్క బెంచీవాడే. నవ్వుతూనే అన్నాడు. ఆ రాత్రి ఇంట్లో అమ్మీ జొన్నరొట్టె, పుంటికూర పెట్టింది. దాన్ని మేం అంబాడా అంటాం. పేరొక్కటే వేరు, పులుపు అదే. మా తాతలు ఏ అరబ్బు ఓడ నుంచీ దిగలేదు. గోదావరి ఒడ్డున దున్నుకొని బతికినోళ్లు.

కొన్నేళ్లకు బతుకుదెరువు కోసం షార్జా పోయాను. మా గదిలో అందరూ కరీంనగర్, ఆదిలాబాద్ వాళ్లే. రంజాన్‌లో ఒకరోజు మసీదు దగ్గర ఇఫ్తార్‌కు హరీస్ పెట్టారు. నానబెట్టిన గోధుమలు, మాంసం, ఉప్పు. గంటల తరబడి ఉడికించి, కర్రతో మెదిపి, పైన నెయ్యి పోస్తారు. ఎమిరేట్స్, ఒమన్, సౌదీ వాళ్లకు అది ప్రాణం. 2023లో యునెస్కో ఈ వంటను వారసత్వ జాబితాలో కూడా చేర్చింది. నాకు మాత్రం మొదటి ముద్ద గొంతు దిగలేదు. కారం లేదు, పులుపు లేదు. జ్వరమొచ్చిననాడు తాగే జావ లెక్క ఉంది. పక్కనున్న అరబ్బు పెద్దాయన నా మొహం చూసి, "హిందీ?" అని నవ్వాడు. వాళ్ల భాషలో హిందీ అంటే హిందుస్తానీవాడు. నా ఊళ్లో దొరకని గుర్తింపు నాకు అక్కడ దొరికింది.

మిగిలింది గదికి తెచ్చాను. నిర్మల్ దిక్కు పల్లె నుంచి వచ్చిన హిందూ తమ్ముడు, "భాయ్, ఇది మీ వంటనే గదా!" అన్నాడు. నాకూ కొత్తనే అంటే నమ్మలేదు.

నిజాం ఫౌజుల్లో చేరిన అరబ్బులు ఈ హరీస్‌ను ఎప్పుడో హైదరాబాద్ తెచ్చారు. బార్కాస్‌లో ఇప్పటికీ దొరుకుతుంది. కానీ మన నేల దాన్ని అట్లనే ఉండనియ్యలేదు. పప్పులు, పచ్చిమిర్చి, మసాలాలు, వేయించిన ఉల్లిగడ్డ పడి హలీం అయింది. 2010లో హైదరాబాద్ హలీంకు భౌగోళిక గుర్తింపు కూడా ఇచ్చారు. బయటినుంచి వచ్చిన వంటకం మనదైంది. ఇక్కడే పుట్టిన నన్ను మాత్రం ఇంకా ఎక్కడివాడివని అడుగుతున్నారు.

ఆ రాత్రి తమ్ముడు ఇంటి నుంచి తెచ్చుకున్న మామిడికాయ తొక్కు సీసా తీశాడు. హరీస్‌లో కలుపుకొని ఇద్దరం ఒకే పళ్లెంలో తిన్నాం.

"ఇప్పుడు మంచిగుంది భాయ్" అన్నాడు.

"ఇప్పుడు ఇది మన వంటరా" అన్నాను.